ఒక ఊరి ధరకి నాలుగు ఊళ్ళు

ఒక ఊరి ధరకి నాలుగు ఊళ్ళు కొన్న మొనగాణ్ణి యానాం మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ రోజుల్లో, అంటే కంప్యూటర్లో మ్యాపులు గీసే కోర్సు వెలగబెట్టి ఊళ్ళోకి దిగిన కొత్తలో, గట్టిగా అడిగితే తగ్గని ధర లోకంలో లేదని నా నమ్మకం. (కిరాణా కొట్లో పెరిగినవాడికి ఉగ్గుతోనే పట్టే బుద్ధి.) మా మావయ్య మంచినీళ్ళ క్యాన్ల వ్యాపారం పెడుతూ, ఏ వీధికి ఏ ఆటో వెళ్ళాలో గుర్తులు పెట్టుకోడానికి గోడంత యానాం మ్యాపు కావాలన్నాడు. "బాగా చేశావా, ఆఫీసులో కుర్చీ నీదేరా. లేదా, మీ నాన్న కొట్లో పప్పు తూచుకో" అని తేల్చేశాడు.

మ్యాపు ఫైళ్ళు అమ్మే ఆయన యానాం ఒక్కటీ రెండు వేలన్నాడు. ఫోన్లో పీడించి పిండేశాను. రూపాయి తగ్గలేదు గానీ, "అదే ధరకి పుదుచ్చేరి, కారైకాల్, మాహే కూడా పట్టుకుపోండి బాబూ, నన్నొదిలేయండి" అన్నాడు. మాహే ఎక్కడో కేరళ పక్కనుందనీ, దాంతో నాకు జన్మలో పని పడదనీ తెలుసు. అయినా ఊరికే వచ్చే ఊరిని ఎవరు వదులుకుంటారు?

తెర మీద యానాం వరకూ పెద్దది చేసి చూసుకుంటే ముచ్చటేసింది. వీధి వీధీ కనిపిస్తోంది. అచ్చుకి సిద్ధం చేయబోతే సాఫ్ట్‌వేర్ అడిగింది: తెర మీద కనిపిస్తున్నంతేనా, ఫైల్లో ఉన్నదంతానా? ధర ఒకటే అయినప్పుడు తక్కువది పుచ్చుకునే షాపువాడి కొడుకుని మీరెక్కడైనా చూశారా? 'ఉన్నదంతా' నొక్కేశాను.

ప్రారంభోత్సవం నాటి పొద్దున్నే కాకినాడ నుంచి ఫ్లెక్సు వచ్చింది. విప్పి గోడకి బిగించాం. పదడుగుల తెలుపు.

"ఏదిరా మనూరు?" అన్నాడు మావయ్య.

"అదిగో, కుడిపక్క పైమూల."

"అదా! ఈగ చచ్చి అంటుకుందేమోనని ఇందాకే గోటితో గీకాను కదరా!"

అగ్రహారం, కనకాలపేట, అడవిపొలం అంటూ మా పేటల పేర్లన్నీ ఒకదాని నెత్తిన ఒకటెక్కి నల్లటి ముద్దయ్యాయి. మిగతా మూడు ఊళ్ళూ కిందెక్కడో తలో చుక్క. మధ్యనున్న వందల మైళ్ళకి నేను కొన్న ఫైల్లో ఒక్క గీతైనా లేదు మరి. ప్రింటింగు వాడికి ఫోన్ చేసి అరిచాను. "మీరెలా పంపారో అలాగే వేశామండి. ఖాళీకి కూడా అడుగు లెక్కేనండి, ఆయ్" అన్నాడు వినయంగా.

"రేపు వ్యాపారం పెరిగితే మాహేకి కూడా..." అని నసిగాను.

"మాహేకి క్యాను ఎవడేస్తాడ్రా, నువ్వు మోసుకెళ్తావా?"

బయట పంతులుగారు వచ్చేశారు. అత్తయ్య ఒక్కసారి గోడవైపు చూసి, "ఇంత ఖాళీ ఉంది కదండీ, మనూరు మనమే గీసేసుకుంటే పోలా?" అంది. మార్కర్లు తెప్పించి తనే గీసింది. చిత్తూరు ఉండాల్సిన చోట కనకాలపేట, బంగాళాఖాతంలో అగ్రహారం. ఆటోవాళ్ళు ఇప్పటికీ దాన్ని చూసే క్యాన్లు వేస్తున్నారు. ఆ ఆఫీసు కుర్చీలో అత్తయ్య కూర్చుంది.

నాలోని ఆనాటి కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఎవరైనా "ఇది కూడా తీసుకోండి, ఊరికేనే" అంటే ఇప్పటికీ ముందుకెళ్ళేది వాడి చెయ్యే. ఇక దాపరికం లేని లెక్క. ఫైలుకి రెండు వేలు, ఫ్లెక్సుకి తొమ్మిది వందలు, మార్కర్లకి నూట ఇరవై, అన్నీ నా జేబులోంచే. రాబడి, మావయ్య జాలిపడి ఇచ్చిన ఒక మంచినీళ్ళ క్యాను. అదీ, ఖాళీ డబ్బా తిరిగిచ్చెయ్యాలి.