ట్రంపెట్ మాస్టారి ముందు పన్ను

2023 చలికాలం. అప్పుడు నేను బహ్రెయిన్ రాజధాని మనామాలోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక చిన్న డెంటల్ క్లినిక్‌లో డాక్టర్‌ని. మా దగ్గరకు వచ్చేవాళ్ళు ముందు నొప్పి గురించి చెబుతారు. ఆ సాయంత్రం వచ్చిన ఇద్దరు మాత్రం తప్పెవరిదో చెప్పడం మొదలుపెట్టారు.

"చెగోడీలు పెట్టింది మేడమ్. అవి చెగోడీలు గావు, ఇనుప రింగులు," అన్నాడు యాభై దాటిన పెద్దమనిషి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని.

"మా అమ్మ కాకినాడ నుంచి పంపిందండీ. బ్యాండులో అందరూ తిన్నారు. ఎవరి పళ్ళు వాళ్ళకి బాగానే ఉన్నాయి," అంది పక్కనున్న అమ్మాయి.

ఆయన సాల్మన్, సికింద్రాబాద్ మనిషి. ఏసీల కంపెనీలో సూపర్‌వైజరు. సెలవు రోజుల్లో ఒక జాజ్ బ్యాండుకు నాయకుడు, ట్రంపెట్ ఊదుతాడు. ఆమె దీపిక, స్కూల్లో లెక్కల టీచరు, ఆ బ్యాండు గాయని. ఇద్దరి అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేర్లు మార్చాను, పన్ను మాత్రం అసలుదే.

అమెరికాలో నల్లజాతి శ్రామికులు తమ కష్టం చెప్పుకుంటూ పాడిన పాత బ్లూస్ పాటలను వీళ్ళు తమ పద్ధతిలో కొత్తగా కట్టి పాడేవారు. అలాంటి పాటల్లో తరచూ ఒకే మాటను రెండుసార్లు అని, మూడో పంక్తిలో దానికి జవాబు చెబుతారట. బ్యాండువాళ్ళు మాస్టారని పిలిచే సాల్మన్ కట్టిన తీరులో ఆ జవాబు వచ్చేలోపే ట్రంపెట్ అందుకునేదని, ఇక ఆపేది కాదని నాకు తర్వాత తెలిసింది.

పై ముందు పన్ను సగం విరిగింది. మిగిలిన సగం కొంచెం మెలితిరిగి బయటికి ఉంది. కాంపోజిట్‌తో కడతానన్నాను. అది పన్ను రంగులో ఉండే మెత్తని పదార్థం. విరిగిన చోట అద్ది, ఆకారం దిద్ది, నీలి వెలుగుతో గట్టిపరుస్తాం.

"ఎట్లాగు ముట్టుకుంటున్నరు గద, ఆ వంకర గూడ సీదా చేయుండ్రి మేడమ్. పోస్టరుకు ఫోటో దిగాలె," అన్నాడాయన.

పక్క పన్నుకు జోడీగా తీర్చాను. అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

రెండు రోజులకు ట్రంపెట్ పెట్టెతో వచ్చాడు. "పన్ను మస్తుంది మేడమ్. బాజానే ఖరాబైంది," అంటూ కుర్చీలో కూర్చునే ఊదాడు. తల్లి కోసం దూడ అరిచినట్టు ఒక శబ్దం వచ్చింది. బయట జ్ఞానదంతం తీయించుకోవడానికి కూర్చున్న బహ్రెయినీ పెద్దాయన లేచి నిలబడ్డాడట. లోపల ఏం పీకుతున్నారని మా అసిస్టెంట్ షీజాను అడిగి, "ఖలాస్, నాకు నొప్పి తగ్గిపోయింది" అని వెళ్ళిపోయాడట.

ట్రంపెట్ ఊదేటప్పుడు పెదవులు పళ్ళ మీద ఆనుకునే తీరును ఎంబషూర్ అంటారు. ఆయన పెదవి చిన్నప్పటినుంచీ ఆ వంకర అంచు మీదే ఆనడం నేర్చుకుంది. అంచు పోయేసరికి పైస్వరాలూ పోయాయి. శుక్రవారం బుదైయాలో ఒక విల్లా తోటలో కచేరీ. పాత వంకర మళ్ళీ తేవాలంటే ఫోటో కావాలన్నాను. ఆయన ఫోటోలన్నిటిలో నోటికి ట్రంపెట్ అడ్డం! పకపకా నవ్వుతున్న ఫోటో దీపిక ఫోన్లో ఒకటి ఉందట.

మర్నాడు దీపిక ఒక్కతే వచ్చింది.

"డాక్టర్‌ గారూ, శనివారం దాకా ఆ పన్ను జోలికి వెళ్ళకండి, ప్లీజ్."

"ఆయన నా పేషెంటమ్మా. అలా కుదరదు. నీకేం కావాలో ఆయనతోనే చెప్పు."

"నోరు తెరిస్తే చాలు, ట్రంపెట్ ఎత్తుతారండీ!" ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే ఫోటో పట్టుకుని నేనూ పక్కన కూర్చోవచ్చా?"

మాస్టారిని అడిగాను. "కూసోనీయుండ్రి. చెగోడీలు పెట్టింది గద, సేవ చెయ్యనీ," అన్నాడు.

ఆయనకు చీక్ రిట్రాక్టర్ పెట్టాను. అది పెదవులను వెడల్పుగా లాగిపట్టే ప్లాస్టిక్ చట్రం. పెట్టాక మాట రాదు. దీపిక కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మాస్టారూ, ఇప్పుడు నేను మాట్లాడతాను."

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఆఁ... ఆఁ..."

"జవాబు తర్వాత. శుక్రవారం నేను పాడే పాటలో ఒకావిణ్ణి మొగుడు వదిలేసి వెళ్ళిపోయాడు. ఇక పొయ్యి ఎవరి కోసం వెలిగించాలా అని కూర్చుందావిడ. మీరేమో పెళ్ళి ఊరేగింపు తెచ్చి ఆవిడ వాకిట్లో నిలబెడుతున్నారు!"

నవ్వొచ్చి నా చెయ్యి కదిలింది. పరికరం పక్కన పెట్టేశాను.

"ఈ వారం మీ ట్రంపెట్ పలకలేదు. నా పాట నాకు మొదటిసారి వినబడింది. శుక్రవారం కూడా వినబడకపోతే ఇదే నా ఆఖరి కచేరీ."

ఆ మాట అని ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత కళ్ళు మూసుకుని, ఒక్కో పంక్తికీ ఊపిరి పీల్చుకుంటూ, ఆ పాట మెల్లగా పాడింది. షీజా నోట్లో నీళ్ళు పీల్చే సక్షన్ మిషను ఆపేసింది. మాస్టారి కంటి కొసనుంచి నీరు చెవిలోకి జారింది. ఆయన చేత్తో పైనున్న లైటు చూపించాడు, దానివల్లే అన్నట్టు.

ఫోటో చూస్తూ పాత వంకర కట్టడం పూర్తిచేసి చట్రం తీశాను. ఆయన దవడ ఆడించుకున్నాడు.

"ఇట్ల పాడుతవని నాకెన్నడన్న చెప్పినవా బిడ్డా?"

"చెప్పనిచ్చారా?"

ఆయన పెట్టె తెరిచాడు. ట్రంపెట్ తీశాడు. బయటి పేషెంట్లు గుర్తొచ్చి నేను తలుపు మూశాను. ఊదడం, నేను అంచు కాస్త అరగదీయడం, మళ్ళీ ఊదడం. చివరికి పైస్వరం శుభ్రంగా పలికింది. దీపిక ముఖం మాడిపోయింది. కానీ ఆయన, "ఇంకోసారి పాడు," అన్నాడు. ఈసారి ఆమె పంక్తి పూర్తయ్యేదాకా ఆగి, పక్కగదిలోంచి ఎవరో ఊఁ కొడుతున్నట్టు రెండే రెండు చిన్న స్వరాలు ఊదాడు.

శుక్రవారం కచేరీకి నేనూ వెళ్ళాను. ఆ పాటంతా మాస్టారు అలాగే ఆగి ఆగి వాయించాడు. నా పక్కనున్నాయన టీ తాగడం మరిచిపోయాడు. ఇక తర్వాతి పాటలో మాస్టారు బాకీ అంతా తీర్చుకున్నాడు. ఆయన ఊదుతూనే ఉంటే దీపిక మెట్లు దిగొచ్చి, నా పక్కన కూర్చుని, సమోసాలు తిని, చెయ్యి కడుక్కుని మళ్ళీ స్టేజీ ఎక్కింది.

అందంగా లేని పన్ను కూడా ఏదో పని చేస్తూ ఉండవచ్చని ఆ కేసు నేర్పింది. ఈమధ్య హమద్ టౌన్ నుంచి వచ్చిన ఒక దర్జీకి ముందు పంటి మీద చిన్న గాడి కనిపించింది. పూడ్చే ముందు దానితో ఏం చేస్తావని అడిగాను. "దారం తెంపేది దాంతోనే మేడమ్," అన్నాడు. మేమిద్దరం కత్తెర గురించి చాలాసేపు వాదించుకున్నాం. అడగడం నాకు ముందూ అలవాటే. కాకపోతే ఇప్పుడు, నోట్లో ఏదైనా పెట్టకముందే అడుగుతున్నాను.