జీడిపప్పు బోర్డుకు వల కొలత

మా నాన్నది టెక్కలిలో బట్టల కొట్టు. పక్కనే పెదనాన్న కిరాణా, ఎదురుగా మేనమామ ఇత్తడి సామాను. ఆ ముగ్గురి మధ్య పెరిగిన నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అంటుంది. ఎదుటివాడు మొదట చెప్పే ధర అబద్ధమనీ, రెండోది నిజానికి కాస్త దగ్గరనీ, మనం లేచి గుమ్మం దాటాక వెనక నుంచి వినిపించేదే అసలు ధర అనీ నా నమ్మకం. ఆ నమ్మకంతో ఒకసారి ఆస్పత్రి బిల్లు దగ్గర కూడా గుమ్మం దాకా నడిచి చూశాను. ఎవరూ వెనక్కి పిలవలేదు.

ఇప్పుడు కాశీబుగ్గలో నాకు షాపు బోర్డులు తయారుచేసే చిన్న షెడ్డు ఉంది. బోర్డు చెయ్యడం నా పని, దాన్ని గోడకు బిగించడం ఇంకొకతని పని. అతనిది భావనపాడు, సముద్రంలో చేపల వేటకెళ్ళే కుటుంబం. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు గానీ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం. ఏళ్ళ తరబడి నా బోర్డులన్నీ రోజుకూలీ మీద అతనే ఎక్కించాడు. ఆ కూలీ మీద నేనెంత బేరమాడానో ఇక్కడ రాస్తే మా పిల్లలు చదువుతారు.

నిరుడు మునిసిపాలిటీ వాళ్ళు బోర్డులు బిగించేవాళ్ళకు లైసెన్సు ఉండాలన్నారు. ఉంటే సొంతంగా పనులు ఒప్పుకోవచ్చు. బావ పడవలో తన వాటాను అన్నదమ్ములకు అమ్మేసి, నిచ్చెనా డ్రిల్లూ కొని, లైసెన్సుకు ఫీజు కట్టాడు. దరఖాస్తు నాలుగుసార్లు తిరిగొచ్చింది. ఒకసారి ఫొటో వెనక రంగు బాగోలేదన్నారు. ఒకసారి ఇంటిపన్ను రసీదు పంచాయతీదిచ్చావు, మునిసిపాలిటీది కావాలన్నారు. మనిషి ఉండేది భావనపాడులో అయితే ఆ రసీదు ఎక్కణ్ణుంచి వస్తుంది? నేనైతే రెండోసారికే కేకలు వేసేవాణ్ణి. అతను ప్రతిసారీ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని "మళ్ళీ ఎల్తాను బావా, ఆళ్ళు మాత్రం ఏటి సేత్తారు" అనేవాడు. అయిదోసారి వచ్చింది. దాన్ని లామినేషన్ చేయించుకుని పది రోజులు చొక్కా జేబులోనే పెట్టుకు తిరిగాడు.

ఆ లైసెన్సు మీద మొదటి పని పలాసలో ఒక జీడిపప్పు షావుకారుది. కొత్త షాపు. బోర్డు అచ్చం జీడిపప్పు ఆకారంలోనే ఉండాలన్నాడు. అయిదు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు. ప్రారంభం రోజుకి బోర్డు గోడ మీద ఉంటే తన మిగతా రెండు షాపుల పని కూడా బావకే. లేకపోతే మూడూ విశాఖపట్నం కంపెనీకి ఇస్తానని మొహం మీదే చెప్పాడు. రేకు, రంగులు నావి. ఒప్పందం మాత్రం బావది. పడవ ఎలాగూ పోయింది. ఇదీ పోతే అతను మళ్ళీ నా దగ్గర రోజుకూలీయే.

అనుమతికి దరఖాస్తు పెట్టబోతే కంప్యూటర్లో రెండే గళ్ళు: పొడవు, ఎత్తు. అయిదు మూళ్ళు పదిహేను చదరపు మీటర్లు అని దానంతట అదే లెక్క కట్టేసింది. పది దాటితే ఫైలు విశాఖపట్నంలోని పై ఆఫీసుకు వెళ్ళాలి, నెలకు తక్కువ కాదు. ప్రారంభానికి ఎనిమిది రోజులుంది. నేనేమో రేకు అప్పటికే జీడిపప్పు ఆకారానికి కోసేశాను.

"బావా, ఆపీసులో నువ్వే మాటాడాల. నాకు నోరు పెగల్దు" అన్నాడు. బేరం అంటే నన్ను పిలిచాడు కదా అని పొంగిపోయి, అరకిలో జీడిపప్పు పొట్లంతో బయల్దేరాను.

ఆ పని చూసేది వార్డు ప్లానింగ్ సెక్రటరీ. పాతికేళ్ళు దాటీ దాటని అమ్మాయి. పొట్లం బల్ల మీద పెట్టగానే ఒక పలుకు తీసి వెలుతురులో తిప్పి చూసింది.

"ఇది గుండు పప్పు అని చెప్పారా మీకు? సగం బద్దలే. మా అమ్మ జీడిపిక్కలు కొట్టి నన్ను చదివించిందండి. పలాసలో నాకు జీడిపప్పు తెచ్చిస్తారా?" అని పొట్లం నా వైపు తోసేసింది.

ఆ ధరకు పగలని గుండు పప్పే అనుకుని కొన్నాను. లంచంలో కూడా మోసపోయినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అయినా తగ్గలేదు. "మేడమ్, జీడిపప్పు వంకరగా ఉంటుంది. ఆ ఒంపులో ఉన్నది బోర్డు కాదు, గాలి. గాలిక్కూడా లెక్కేనా?"

"గాలిని కలపమని నాకు జీవో ఏమీ రాలేదండి. ఎంతుందో చెప్పండి, తీసేస్తాను."

"సగం ఉంటుంది."

"నోటితో కాదు, కొలిచి చూపించండి. రేపు మీ షెడ్డుకు తనిఖీకి వస్తాను."

నేను అలవాటు కొద్దీ లేచి గుమ్మం దాకా నడిచాను. ఆమె తరువాతి ఫైలు తెరిచింది.

బయటికొచ్చి వంకరను టేపుతో ఎలా కొలుస్తాం అని నేను తల పట్టుకుంటే, బావ బీడీ ఆర్పి "వల తెత్తాను" అన్నాడు.

"వల ఏటి? సేపలు పడతావేటి షెడ్డులో?"

"ఊరుకో బావా. వల కళ్ళన్నీ ఒకటే సైజు. బోర్డు మీద పరిసి కళ్ళు లెక్కెడితే సరి."

మర్నాడు భావనపాడు నుంచి పెద్ద చేపల వల ఒకటి తెచ్చాడు. జానెడులో సగం ఉండే కళ్ళు. బోర్డు మీద పరిచి, నాలుగు వైపులా మేకులు కొట్టి, కళ్ళన్నీ చదరంగా నిలిచేలా బిగించాడు. మీటరు గీత మీద సరిగ్గా పది కళ్ళు వచ్చేదాకా లాగి, వదిలి, మళ్ళీ లాగాడు. అంటే చదరపు మీటరుకు వంద కళ్ళు. తనిఖీకి వచ్చిన సెక్రటరీ తన టేపు పెట్టి చూసుకుని, చెప్పులు విప్పి, షెడ్డు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. వెయ్యి కళ్ళు దాటితే ఫైలు విశాఖపట్నం. దాటకపోతే ఇక్కడే.

లెక్కపెట్టడానికి గంటన్నర పట్టింది. ఎక్కడిదాకా వచ్చామో తెలియడానికి ఆమే బావా వరస వరసకీ సుద్దముక్కతో గీత పెట్టుకుంటూ వచ్చారు. బోర్డు లోపల పూర్తిగా పడిన కళ్ళు ఎనిమిది వందల అరవై ఎనిమిది. అంచు మీద ముక్కలుగా పడినవి నూట అరవై ఎనిమిది.

నేను వెంటనే అందుకున్నాను. "ముక్కలు లెక్కలోకి రావు మేడమ్. తూకంలో పొట్టు తీసేస్తాం కదా."

"మా ఆఫీసులో ముక్కైనా పూర్తి కిందే లెక్క" అంది ఆమె. అప్పుడు మొత్తం వెయ్యి ముప్పై ఆరు. అంటే ఫైలు విశాఖపట్నానికే.

బావ ఇద్దరి మొహాలూ చూశాడు. "రెండు ముక్కలు కలిపి ఒకటి కట్టాలండి. సగం కంటే పెద్దవి కొన్నుంటాయి, సిన్నవి కొన్నుంటాయి. సరిపోతాయి."

"సరిపోతాయని మీరెలా చెప్తారు?"

అతను వల విప్పాడు. బోర్డు పక్కకు జరిపి, నేల మీద సుద్దతో మీటరుకు మీటరు చదరం గీశాడు. గీతలు వల కళ్ళను ముక్కలుగా కొయ్యాలని కావాలనే ఏటవాలుగా గీశాడు. దాని మీదికి వల మళ్ళీ బిగించాడు. "ఇది ఒక మీటరే కదండీ. ఇప్పుడు లెక్కెట్టండి."

పూర్తి కళ్ళు డెబ్బై ఆరు. ముక్కలు యాభై.

"మా బావ లెక్కకి డెబ్బై ఆరు. మీ లెక్కకి నూట ఇరవై ఆరు. నా లెక్కకి నూటొకటి. ఉండాల్సింది వంద. ఏది దగ్గరో మీరే సూడండి మేడమ్."

నోరు పెగలదన్న మనిషి అన్న మాటలివి. నేను మేకులు ఏరడం మొదలుపెట్టాను. నా జీవితంలో చూసిన బేరాలన్నిటిలో అవతలివాడి ధరా, తన పక్కవాడి ధరా రెండూ తప్పని ఒకేసారి చూపించినవాడు ఇంకొకడు లేడు. పైగా తన ధర కూడా ఒక కన్ను ఎక్కువేనని తనే చెప్పాడు.

ఆమె ఆ ఏటవాలు చదరానికి మళ్ళీ తన టేపు పెట్టి చూసుకుంది. తరువాత ఫొటోలు తీసుకుని, లెక్క కాగితం మీద మా ఇద్దరి చేతా సంతకాలు చేయించుకుంది. ముక్కల్లో సగం కలిపి తొమ్మిది వందల యాభై రెండు కళ్ళు, వెయ్యికి లోపలే. కంప్యూటర్లో ఆకారానికి గడి లేదు గనక ఆ కాగితాన్ని ఫైలుకు జతచేసి, ఏ పద్ధతిన కొలిచారో ఒక పేజీ నిండా తన చేత్తో రాసింది. పైవాళ్ళు ఇదేం కొలతని అడిగితే, నేను మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టాను, కావాలంటే మీరూ రండి అని చెప్పిందట. ఆ సంగతి ఆఫీసు అటెండరు చెప్పాడు. చిన్న ఉద్యోగం, కొత్త ఉద్యోగం. పదిహేను అని వేసేసి ఫైలు పైకి తోసేస్తే ఆమెను అడిగేవాడు లేడు.

నాలుగో రోజున బావ ఫోనుకు అనుమతి వచ్చింది. ఫీజు మాత్రం సెక్రటరీ పూర్తి పది చదరపు మీటర్లకు వేసింది. "ఫీజుకైతే ముక్క పూర్తేనండి, అది రూలు" అంది. నేను నోరు తెరిచేలోగా బావ నా కాలు తొక్కి, డబ్బు కట్టేసి రసీదు తీసుకున్నాడు. సముద్రపు గాలి తగిలే వైపు రెండు బోల్టులు ఎక్కువ వెయ్యమని కూడా ఆమె రాసింది. అతను నాలుగు వేశాడు.

ప్రారంభానికి ముందురోజు పొద్దున్నే బోర్డు గోడకెక్కింది. షావుకారు రోడ్డుకు అవతల నిలబడి తల అటూ ఇటూ వంచి చూసుకున్నాడు. తరువాత మా దగ్గరకొచ్చి, అలవాటుగా నా మొహంలోకి చూసి, "మిగతా రెండిటికీ ఎంత తీసుకుంటారు?" అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. బావ నిచ్చెన మీద నుంచే ఒక ధర చెప్పాడు. నేనైతే దానికి పావు వంతు కలిపి చెప్పేవాణ్ణి, చివరికి అందులో సగానికి ఒప్పుకునేవాణ్ణి.

"తగ్గవా?" అన్నాడు షావుకారు.

"నేదండి. అదే."

షావుకారు సరేనని లోపలికి వెళ్ళిపోయాడు. బావ కిందికి దిగి, డ్రిల్లు తుడుచుకుంటూ, "రేకు రేపటికి పంపించు బావా" అన్నాడు. పంపిస్తానన్నాను. రేకు ధర ఎంతని అతను అడిగితే, మొదటిసారే అసలు ధర చెప్పాను.