నెట్టక్క పాత పెట్టె

వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ నెట్టక్కే. ఇంట్లో కంప్యూటర్ ఉండటమే గొప్పైన రోజుల్లో చెక్క గదులు కట్టించి నెట్ సెంటర్ పెట్టింది. ఫోన్ తీగలోంచి కీచుమని అరుస్తూ నెట్ కలిసేది. ఒక్క ఫొటో తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. అయినా జనం బయట బెంచీ మీద పడిగాపులు కాసేవారు. మెయిల్ పెట్టె తెరవడమెలాగో వీధి మొత్తానికి నేర్పింది ఆవిడే.

అమ్మానాన్నా పోయాక చెల్లెల్ని పెంచింది కూడా ఆ కొట్టే. ఆ చెల్లెలే ఒకరోజు కుండబద్దలు కొట్టింది. "నెట్టు అందరి జేబుల్లోకీ వచ్చేస్తోందే అక్కా. ఇంకా ఈ గదుల్లో కూర్చునేదెవరు? మూసేసి ఫోన్లు అమ్ముదాం."

"మనకి తిండి పెట్టిన కొట్టునే మూసేయమంటావా? నీకంత బరువైతే ఫో!"

చెల్లెలు నిజంగానే పోయింది. ఆ తర్వాత ఆమె అన్నట్టే జరిగింది. గదులు ఖాళీ అయ్యాయి, కంప్యూటర్లు తుక్కు బండి ఎక్కాయి. నెట్టక్క ఇల్లు మారింది, నంబరూ మారింది.

మొన్న పాత వీధిలో ఎదురింటి టైలరమ్మ బస్టాండులో ఆ చెల్లెల్ని చూసింది. "అక్కకి మెయిల్ మీద మెయిల్ రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఇంకెందుకు రాయడం" అందట. ఫోన్ నంబర్ అడిగేలోపే బస్సు కదిలిపోయింది.

టైలరమ్మ వచ్చి ఆ మాట చెప్పగానే నెట్టక్క ఫోన్ తీసింది. చెల్లెలి పాత మెయిల్‌కి రాస్తే అలాంటి చిరునామా లేదని క్షణంలో తిరిగొచ్చింది. ఇక మిగిలింది తన పాత పెట్టె ఒక్కటే. తెరవకుండా పడున్న పెట్టెలన్నీ ఈ నెలాఖరుకి తీసేస్తారని ఫోన్లో వార్త కూడా వచ్చింది.

పాస్‌వర్డ్ గుర్తులేదు. ఉంటేగా! కొట్టులో ఆవిడ మెయిల్ ఎప్పుడూ తెరిచే ఉండేది. పని అయ్యాక మెయిల్లోంచి బయటికి రండి బాబూ అని అందరికీ చెప్పిన మనిషి తను మాత్రం ఏనాడూ రాలేదు. దీపం కింద చీకటంటే అదే. పాస్‌వర్డ్ మార్చాలంటే కోడ్ పాత నంబర్‌కి వెళ్తుంది. రీచార్జి చేయక వదిలేసిన ఆ నంబర్ ఇప్పుడు ఎవరి చేతిలోనో ఉంది. ఆ నంబర్‌కే ఫోన్ చేసింది.

"బాబూ, ఇప్పుడు మీ ఫోన్‌కి ఒక కోడ్ వస్తుంది. కాస్త చెప్పరూ?"

"ఓహో! ఇవాళ లాటరీ నాకా, మా ఆవిడకా?"

"మోసం కాదు బాబూ. ఆ నంబర్ ఒకప్పుడు నాది. మా చెల్లి రాసిన మెయిళ్ళు లోపల ఉండిపోయాయి."

"గొంతు బాగానే వణికిస్తున్నారమ్మా. పోయినసారి ఒకావిడ ఏడ్చింది కూడా. మా అమ్మ కరిగిపోయి కోడ్ చెప్పేసింది. బ్యాంకులో దాచుకున్నదంతా ఊడ్చుకుపోయారు."

"అయితే మీ ఇల్లెక్కడో చెప్పండి. వచ్చి మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అడ్రసు కూడా కావాలా?"

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కలవలేదు. టైలరమ్మ ఫోన్ నుంచి చేస్తే హలో అనగానే కట్ చేశాడు.

అతణ్ణి తిట్టడానికి నోరు రాలేదు. తన కొట్టు గోడ మీద ఎర్రటి అక్షరాలతో రాయించింది తనే కదా, పాస్‌వర్డ్ ఎవరడిగినా చెప్పకండి, నేనడిగినా సరే అని.

"అసలా పెట్టె ఉందో పోయిందో! ఒక ముక్క రాసి చూడక్కా" అంది టైలరమ్మ.

ఫోన్లో ఉన్న కొత్త మెయిల్ నుంచి తన పాత చిరునామాకే రాసింది. 'చెల్లీ, తప్పు నాదేనే. ఇంటికి రా.' పంపి, తిరిగొస్తుందేమోనని ఫోన్‌నే చూస్తూ కూర్చుంది. చీకటిపడింది. మెయిల్ తిరిగి రాలేదు.

"ఉందే, పెట్టె ఉంది! లోపలికి వెళ్ళింది" అంటూ టైలరమ్మ చేయి పట్టుకుంది నెట్టక్క. "నా మెయిలైతే దాని మెయిళ్ళ దగ్గరికి వెళ్ళింది. నేనే వెళ్ళలేకపోతున్నాను" అని బావురుమంది.