మొదటి కొవ్వొత్తి

క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలను మేం ఆగమన కాలం అంటాం. మా చర్చిలో వెల్డింగ్ షాపులో చేయించిన ఇనప చక్రం ఒకటుండేది. దానికి సరుగుడు కొమ్మలు చుట్టి, నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టి, వారానికొకటి వెలిగించేవాళ్ళం. మిగతా ఊళ్ళ సంగతి తెలియదు గానీ మా ఊళ్ళో ఒక పద్ధతుండేది. మొదటి కొవ్వొత్తిని, దేనికోసమో ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న మనిషి చేత వెలిగించేవారు. పాస్టరు అయ్యగారు పేరు పిలిచి, ఆ మనిషి మనవి ఏమిటో అందరికీ చెప్పేవారు.

రెండువేల సంవత్సరం దాటాక వరసగా మూడేళ్ళు ఆ మనిషిని నేనే.

బీఎడ్ అయింది. బ్రాడీపేటలో కోచింగూ అయింది. టీచరు ఉద్యోగం రెండు మార్కుల్లో పోయింది. ఇక నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని చూడ్డమే పని. "ఉద్యోగం కొరకు కనిపెట్టుకొని ఉన్న మన సహోదరి" అని అయ్యగారు అనగానే చర్చి మొత్తం నావైపు తిరిగేది. మొదటి ఏడు గొప్పగానే అనిపించింది. మూడో ఏటికి ఆడవాళ్ళు నన్ను చూసి "అయ్యో పాపం" అనుకోవడం వినబడింది. ఒళ్ళు మండిపోయింది. నేనేమన్నా మంచాన పడ్డానా?

నాలుగో ఏడు నా పేరు ఇవ్వొద్దని అమ్మకి ముందే చెప్పాను. ఇచ్చేసింది! పత్తి తీతకు పోతూ పోతూ, మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా అయ్యగారికి చెప్పేసి వచ్చింది. ఆ సాయంత్రం నేను నోటికొచ్చినట్టు అన్నాను. నా బతుకేమన్నా ఊళ్ళో చాటింపు వేసుకోవడానికా అని అడిగాను. ఆ రోజు నుంచి అమ్మతో మాట్లాడటం మానేశాను. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఎనిమిది రోజులు, కంచం ముందు పెడితే తినడం, లేచిపోవడం.

ఆదివారం వచ్చింది. అయ్యగారు నా పేరు పిలిచారు. కదల్లేదు. మళ్ళీ పిలిచారు. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. అమ్మ నా పక్క నుంచి లేచి ముందుకి నడిచింది. నాకు తల కొట్టేసినట్టయింది.

పత్తికాయ డొప్పలు గీరుకుని ఆమె వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. అగ్గిపుల్ల పట్టు దొరకలేదు. ఒకటి విరిగింది, ఒకటి ఆరిపోయింది. మూడోదానితో కొవ్వొత్తి వెలిగింది. మనవి అమ్మాయి ఉద్యోగం గురించేనా అని అయ్యగారు అడిగారు.

"ఉద్యోగం సంగతి దేవుడికి మూడేళ్ళబట్టీ చెప్తానే ఉన్నాం గదండీ అయ్యగారూ. ఈసారి అది కాదు. మా పిల్ల నాతో మాట్టాడితే చాలు."

వెనక ఎవరో నవ్వారు. ఉద్యోగం రానిదాన్నని అప్పటికే ఊరందరికీ తెలుసు. తల్లితో మాట్లాడనిదాన్నని కూడా ఇప్పుడు తెలిసిపోయింది. కోపంతో ఏడుపొచ్చింది.

ఇంటికి వెళ్తూ ఆమెకు పదడుగుల ముందే నడిచాను. పత్తి కుక్కిన గోనె బోరేల ట్రాక్టరు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. వెనక అమ్మకి దగ్గు అందుకుంది. పట్టించుకోకూడదనుకున్నాను. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

"కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవచ్చు గదా!" అని వెనక్కి తిరిగి అరిచాను.

అమ్మ కొంగు పెట్టుకోలేదు. రోడ్డు మీదే నిలబడిపోయి, దగ్గుతూనే నవ్వింది.

"ఇంటికన్నా చేరలేదే, అమ్మాయ్, అప్పుడే ఆలకించాడు దేవుడు" అంది.

కోపం నాకింకా పోలేదు. అయినా ఆమె నా దాకా నడిచొచ్చే వరకూ అక్కడే ఆగాను.