సైబీరియా పిట్టల్ని నమ్మని మావయ్యగారు

గత గురువారం ద్వారకా నగర్‌లో మా కోచింగ్ సెంటర్లో పాఠం చెబుతుండగా మా ఆయన ఫోన్ చేసి, "నాన్న పోయేరు" అన్నారు. నాకు ముందు ఏడుపు రాలేదు. "ఎవరు చెప్పేరు? డాక్టరు చూసేడా?" అని అడిగాను. అడిగాక గానీ తెలియలేదు, అది మావయ్యగారి ప్రశ్న అని. ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆయన దగ్గర్నుంచి నాకు అంటుకున్న జబ్బు అది.

ఆయన పోర్టులో టాలీ క్లర్కుగా చేశారు. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టడం, కాగితంలో రాసిందీ కళ్ళముందు దిగిందీ ఒకటేనా అని చూడటం ఆయన పని. రిటైరై మల్కాపురంలో ఇంటిపట్టున ఉన్నా ఆ పని మానలేదు. గ్యాసు బండ వస్తే ఎత్తి చూడందే లోపలికి రానిచ్చేవారు కాదు. చర్చిలో పాస్టరుగారు వాక్యం చదువుతుంటే తన పుస్తకంలో వేలు పెట్టి మాట మాటా సరిచూసుకునేవారు. "నా మీద కూడా అనుమానమేనా అన్నగారూ?" అని పాస్టరుగారు నవ్వితే, "మీ మీద కాదండి, అచ్చేసినోడి మీద" అన్నారు. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఆ భూతం పొద్దున్నే లేచి, కాఫీ తాగి, పేపరు చదివేది.

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం భోజనాల దగ్గర నేను కాస్త గొప్పలకు పోయాను. భీమిలిలో ఏరు సముద్రంలో కలిసేచోట చలికాలం కనపడే ఉల్లంకి పిట్టలు సైబీరియా నుంచి వస్తాయని, అరచేతిలో పట్టేంత పిట్ట అన్ని దేశాలు దాటి వచ్చి, ఎండలు ముదిరేసరికి మళ్ళీ వెళ్ళిపోతుందని చెప్పాను. కోడలు జువాలజీ చదివిందని అందరికీ తెలియాలి కదా.

"నువ్వు సూసేవా?" అన్నారు మావయ్యగారు.

"చూసేను" అన్నాను. నేను చూడలేదు. పుస్తకంలో చదివాను.

మరుసటి ఆదివారం చర్చి అవగానే నన్ను భీమిలి బస్సెక్కించారు. నీళ్ళు వెనక్కి తగ్గిన బురదలో దూరంగా, మట్టిరంగులో ముడుచుకుని నిలబడ్డ పిట్టల్ని ధైర్యంగా వేలు పెట్టి చూపించాను. ఆయన అటు ఓసారి చూసి, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనిషి దగ్గరికి వెళ్ళి అడిగారు.

"అయ్యి గుడ్డికొంగలు బావ. ఏడాది పొడుగునా ఈడే ఉంతాయి" అన్నాడతను. "పై దేశాల్నించొచ్చేవి అల్లక్కడ బురదలో పరిగెడతన్నాయి సూడు, ఆ సిన్నవి."

తిరుగు బస్సులో మావయ్యగారు ముందు కండక్టరిచ్చిన చిల్లర లెక్కపెట్టుకున్నారు. తర్వాత కిటికీలోంచి చూస్తూనే అన్నారు: "సూడకపోతే సూడనేదని సెప్పు. తప్పు కాదు. సూసేనన్నావు సూడు, అది తప్పు." ఇంట్లో అత్తయ్యగారు అడిగితే మాత్రం, "పిట్టలున్నాయి, సూసొచ్చేం" అని ఊరుకున్నారు. కొత్త కోడలి పరువు కాపాడిన ఆ మౌనానికి నేనెంత సంతోషించానో ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

కానీ ఆ రోజు నుంచి నా మాట ఏదీ ఆయన నేరుగా పుచ్చుకోలేదు. కరెంటు పోయిందంటే పక్కింటివాళ్ళను అడిగేవారు. అది పోర్టు అలవాటా, నా అబద్ధం తాలూకు మచ్చా అన్నది తేల్చుకోలేక చాలాసార్లు కుమిలిపోయాను. ఆయన బతికుండగా ఒక్కసారైనా నా మాటను ఇంకొకర్ని అడక్కుండా నమ్మాలని నా ఆశ.

రిటైరయ్యాక ఆయనకు భీమిలి ప్రయాణం అలవాటైంది. పిట్టలు వస్తాయని ఒప్పుకున్నారు గానీ, వెళ్ళిన పిట్టలే తిరిగి వస్తాయంటే ఒప్పుకోలేదు. "మంచి బస్తాలన్నీ ఒకేలాగుంతాయి. సిరిగిన బస్తా ఒకటి గురుతెట్టుకోవాల" అంటూ ఒక కుంటి పిట్టను వెతికి గుర్తు పెట్టుకున్నారు. దానికి ఒక పాదం లేదు, గెంతుతూ తిరిగేది. మరుసటి చలికాలం అదే బురదలో, అదే గెంతుడు. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "వొచ్చింది" అన్నారు. "ఎవులు, మీ సెల్లెలా?" అని అత్తయ్యగారు ఏడిపించారు.

అక్కడితో అయిపోలేదు. ఎండాకాలమంతా అవి ఇక్కడే ఎక్కడో నక్కి ఉంటున్నాయని ఆయన అనుమానం. మే నెల నడిఎండలో గొడుగేసుకుని బయల్దేరారు. లేని పిట్టను చూడటానికి వెళ్ళిన మనిషిని నేనింకెక్కడా ఎరగను. సాయంత్రం మొహం కందిపోయి వచ్చి, మజ్జిగ తాగుతూ, "అన్నీ ఎల్లిపోతాయన్నావు. ఏడు పిట్టలున్నాయి అక్కడ" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పుస్తకాలు తిరగేశాను. మొదటి ఏడాది పిల్ల పిట్టలు కొన్ని వెళ్ళకుండా ఉండిపోతాయట. ఆయన చెప్పిందే నిజం. వెళ్ళి ఒప్పుకుని, "మరి కుంటిదో?" అన్నాను. "అది నేదు. అదెల్లింది" అన్నారు కాస్త గర్వంగా.

ఇంకోసారి, సైబీరియాలో పెద్ద పిట్టలు ముందు బయల్దేరి వచ్చేస్తాయని, ఆ ఏడాది పుట్టిన పిల్లలు తర్వాత వాటంతటవే వస్తాయని చెప్పాను. ఆయన చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టారు.

"దారి సూపించినోడు నేకుండా ఎలాగొత్తాయమ్మా?"

"తెలీదు మావయ్యా. ఎవరికీ ఇంకా పూర్తిగా తెలీదు."

"ఇది బాగుంది" అన్నారు. నేను పొంగిపోయాను. రెండు రోజుల తర్వాత పక్కవీధి సైన్సు మాస్టారిని కూడా అదే ప్రశ్న అడిగారని తెలిసింది.

ఈసారి చలికాలం మొదలయ్యేసరికి ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ, నర్సు రాసిందాన్ని మళ్ళీ చదివించుకుంటూ. పోయే ముందు ఆదివారం నన్ను పిలిచి, "ఆ కుంటిది వొచ్చిందో నేదో సూసి రా అమ్మా" అన్నారు. మా ఆయన్ని కాదు, సైన్సు మాస్టారిని కాదు, నన్ను పంపారు.

భీమిలిలో నీళ్ళు తగ్గిన దగ్గర్నుంచి మళ్ళీ బురద మునిగేదాకా నిలబడ్డాను. చిన్న పిట్టలు గుంపులుగా వచ్చాయి, పరిగెత్తాయి, లేచి మళ్ళీ వాలాయి. అన్నిటికీ రెండేసి కాళ్ళు. తిరుగు బస్సులో బుద్ధి పక్కదారి పట్టింది. వచ్చిందని చెబితే ఏం పోతుంది? పోయే ప్రాణం సంతోషిస్తుంది. చూసేవాడెవడు? అలా అనుకుంటూనే ఆసుపత్రి మెట్లెక్కాను.

"కనపడలేదు మావయ్యా" అన్నాను. "మిగతావి వచ్చాయి. అదే లేదు."

ఆయన తల నావైపు తిప్పారు. ఎన్నింటికి వెళ్ళావు, ఎక్కడ నిలబడ్డావు, పక్కన ఇంకెవరున్నారు అని అడుగుతారని జవాబులన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను.

"బస్సులో సీటు దొరికిందేటమ్మా?" అన్నారు.

"లేదు మావయ్యా. వస్తూ నిలబడే వచ్చాను."

సూది గుచ్చిన చేతిని జాగ్రత్తగా పట్టుకుని, ఒక కాలి తర్వాత ఒక కాలు మెల్లగా గోడవైపు లాక్కుని, నేను కూర్చోవడానికి మంచం మీద చోటు చేశారు.