తొడ అని రాసుకున్నాను

ఫార్మలిన్ సీసా మూత తీస్తే ఇప్పటికీ ముందు కళ్ళు మండుతాయి, ఆ తర్వాత సుభద్ర మేడమ్ గుర్తొస్తారు. గన్‌ఫౌండ్రీ సందులో, బట్టల కొట్టు మేడ మీద ఉండేది ఆవిడ ల్యాబ్. శరీరం నుంచి కోసి తీసి, పాడవకుండా ఫార్మలిన్‌లో ఉంచిన ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి, ఏ జబ్బో చెప్పడం మా పని. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. చదువు ముగించి ఆవిడ దగ్గర చేరేనాటికి నాకు అన్నీ తెలుసునన్న నమ్మకం ఉండేది.

బేగం బజార్‌లో మిరపకాయల దుకాణం నడిపే లక్ష్మమ్మ ఒకరోజు సీసా పట్టుకుని వచ్చింది. నాంపల్లిలో ఏదో నర్సింగ్ హోమ్‌లో చిన్న గడ్డ తీశారట. ఎక్కడిదని అడిగాను. కాసేపు ఆగి "తొడ" అంది. తల ఎత్తకుండా రాసుకున్నాను.

స్లైడులో గ్రంథి కణాలు కొమ్మలు కొమ్మలుగా గుబురుగా కనిపించాయి. తొడ మీద అలాంటి గ్రంథులుండవు. లోపలి క్యాన్సరేదో అక్కడికి పాకిందనుకున్నాను. ఆమె రిపోర్టు కోసం వస్తే, మేడమ్ చూడకముందే ఆ మాట చెప్పేశాను. ఆమె బెంచీ మీద కూలబడింది. "దుకాణం తాళాలు ఎవలకియ్యాలె?" అని గోడనడిగినట్టు అడిగింది.

మేడమ్ స్లైడు చూశారు. "బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి కూడా ఏ ఊరని అడుగుతాం కదయ్యా. ఈ గడ్డది ఏ ఊరో అడిగావా?"

"తొడ అని చెప్పిందండీ."

"ఆవిడ చెప్పింది సరే. నువ్వు సరిగ్గా అడిగావా?"

లక్ష్మమ్మను గదిలోకి పిలిచి తలుపు వేసుకున్నారు. బయటికొచ్చి, "తొడ కాదు, యోని పెదవి మీద" అన్నారు. అక్కడ అరుదుగా వచ్చే కణితి ఒకటుంది. చూపుకు క్యాన్సర్‌లా ఉంటుంది, హాని చేయదు. మళ్ళీ చూశాను. ప్రతి కొమ్మకూ కణాలు రెండు వరసల్లో, క్యాన్సర్‌లో కనిపించని క్రమంలో ఉన్నాయి. గడ్డ అంచు నున్నగా ఉంది, గడ్డ మొత్తంగా ఊడివచ్చింది. మొదటిసారి చూసినప్పుడూ అవన్నీ అక్కడే ఉన్నాయి.

"క్యాన్సర్ కాదని నువ్వే చెప్పు" అన్నారు మేడమ్.

చెప్పాను. లక్ష్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నేను అక్కడితో ఆగలేదు. "సిగ్గుపడకుండా ముందే చెప్పాల్సింది కదమ్మా" అన్నాను, తప్పు ఆమె మీదికి నెడుతూ.

"నాకేం సిగ్గు సారూ, నలుగురు పిల్లల్ని కన్నదాన్ని. ఏడిదని అడిగినవు, కిందికి చూసినవు. పాపం పిలగాడు గింత సిగ్గువడుతుండు, జర దూరం చెప్దామని తొడ అన్న."

మేడమ్ నవ్వలేదు. మరో స్లైడు తీసుకున్నారు.

ఆ బెంచీ మీద ఆమె మోసిన భయం నేను పెట్టిందే. ఇప్పుడు నా ఎదుట కూర్చున్న స్త్రీని, గడ్డ ఎక్కడిదో అవయవం పేరు పెట్టే అడుగుతాను. జవాబు వచ్చేదాకా ఆమె మొహం మీంచి చూపు తిప్పను.