దేవుడి వంతు కోడి

బడిలో పది ఆజ్ఞలు నేర్పేటప్పుడు మా వాధ్యారు బెంచీకొకటి చొప్పున పంచాడు. అన్నిటికన్నా వెనక కూర్చున్నందుకు నాకు పదోది దక్కింది: పొరుగువానిది ఏదీ ఆశించవద్దు. అది నోటికి రాగానే చదువు పూర్తయిందనుకుని నేను మళ్లీ బడి వైపు పోలేదు. కాబట్టి మిగతా తొమ్మిదింటి సంగతి నన్ను అడగొద్దు. ఇక్కడ చెప్పబోయేది కూడా ఆ పదోదాని గురించే.

కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి పల్లెలో మాకూ మా అన్న వాళ్లకూ ఒకటే వాకిలి. అందరం పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్లం. మా క్రైస్తవుల ఇళ్లలో అప్పట్లో ఒక వాడుక ఉండేది. పెట్ట పిల్లల్ని లేపగానే వాటిలో ఒకదాని కాలికి ఎర్రదారం కట్టి దేవుడికి విడిచేవాళ్లు. కోతల పండుగ నాడు దాన్ని గుడికి తీసుకుపోయి ఇవ్వాలి. ఇంట్లో పొయ్యి రాజకపోయినా దాని మీద చెయ్యి వెయ్యకూడదు.

ఆ ఏడు మా వదిన దేవుడికి విడిచిన పుంజు పెరిగిన తీరు చూసి మా ఆవిడకు కునుకు పట్టలేదు. మా పుంజేమో సన్నగా, ఏదో మరిచిపోయిన దానిలా వాకిట్లో తిరిగేది. మా గంజిలోకి రావలసిన సజ్జలన్నీ దాని ముందుకు పోసాగాయి.

“దేముడేం తక్కెడ పట్టుకోని కూసున్నాడా?” అన్నాను ఒకనాడు.

“నీకేం తెలుసు? అందరి ముందర ఆయమ్మ కోడి పక్కన నా కోడిని నిలబెట్టాల్సింది నేను గదా!”

“ఇంతకీ కోడిని ఇస్తా ఉండేది దేముడికా, మా వదినకా?”

ఆ మాటకు రెండు రోజులు నా గంజిలోకి ఉప్పు కూడా రాలేదు.

మా ఆవిడకు వదినతో మాటలు తగ్గి, చివరికి ఆగిపోయాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. పాదిరి అయ్యగారు విరుదునగర్ నుంచి రైల్లో ఎప్పుడో ఒకసారి వస్తేనే మా గుడిలో ప్రభువు రొట్టె పంచేది. తోటివాళ్ల మీద కసి పెట్టుకుని ఆ రొట్టె ముట్టుకోకూడదని మా వాళ్లకు గట్టి భయం. పోయినసారి జ్వరం వల్ల మా ఆవిడకు అది తప్పిపోయింది. ఇప్పుడు కోతల పండుగకు అయ్యగారు వస్తున్నారు. ఈసారీ తప్పితే ఎట్లాగని కుమిలిపోయేది. వదిన ఎదురైతే మాత్రం మొహం తిప్పుకునేది.

పండుగ ముందటి సాయంత్రం మా ఆవిడ మా పుంజును ఒళ్లో పెట్టుకుని, ముక్కు తెరిచి, ఎండు సజ్జలు కుక్కి, పైన నీళ్లు పోసింది. తెల్లారేసరికి గింజలు ఉబ్బి, దాని మెడ కింది సంచి రాయిలా బిగుసుకుంది. కోడి పోయింది.

సంగతి విని వదిన తన పుంజును చంకలో పెట్టుకుని వచ్చింది. “ఏడవొద్దు చెల్లీ. దీన్నే ఇద్దరి పేరా ఇస్తాము.”

మా ఆవిడ తల ఎత్తలేదు. “అక్కా, నా కోడి సచ్చిందని కాదు నేను ఏడ్చేది. నీది బతికుండాదే అని.”

నాకు వెక్కిరించాలని అనిపించలేదు. దేవుడి పేరుతో మొదలైన పనిలోకి కూడా ఓర్వలేనితనం ఎంత నెమ్మదిగా దూరుతుందో అప్పుడు చూశాను. సజ్జలన్నీ మెక్కింది అదే.

వదిన ఆమె పక్కనే చతికిలబడింది. “నేను మట్టుకు మంచిదాన్నా? నీ కోడి పోయిందని యినంగానే నాకు మొదట నవ్వొచ్చింది. ఇక్కడికి నడిచొచ్చేటప్పుడే జాలి వచ్చె.”

“ఈ యింత వాకిట్లోనా? బలే బిరీన వచ్చిందే!” అంది మా ఆవిడ ముక్కు తుడుచుకుంటూ.

ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. చివరికి ఒకరు రెక్కలు, ఒకరు కాళ్లు పట్టుకుని ఆ పుంజును గుడికి మోసుకుపోయారు. దాని గోల అయ్యగారి ప్రార్థనను మించిపోయింది. ఇద్దరూ పక్కపక్కన మోకాళ్లూని రొట్టె తీసుకున్నారు.

కానుకగా వచ్చిన కోళ్లన్నీ మధ్యాహ్నం ఒకే అండాలో ఉడికాయి. మా అన్న పక్కన నేనూ బంతిలో కూర్చున్నాను. తోడికోడళ్లిద్దరూ వడ్డిస్తున్నారు. అంత మంచి సమయంలో నేను నాలుగు మంచి మాటలు చెప్పకపోతే ఎట్లా?

“మీ ఇద్దరి కడుపుమంటకు ఒక కోడి బలైపాయె. నన్ను చూసి నేర్చుకోండి. ఎవరి దాని మీదా నాకు ఆశ లేదు.”

మా ఆవిడ గరిటె ఆపింది. “అట్లయితే మీ యన్న ఆకులో తొడముక్కను చూసింది చాలు. నీ ఆకులోది తిను, ఈగలు మూగతా ఉండాయి.”